ఐదుగురు చేయగల ఫాంటసీ ఆర్‌పీజీ: ఏ అంశాన్ని ఉంచుకోవాలి, దేనిని వదులుకోవాలి

రాబోయే ఆటలో ఏమేమి ఉంటాయో జాబితా రాసుకోవడం ఒక్క సాయంత్రపు పని. అందులో దేనిని ఉంచాలో, దేనిని వదులుకోవాలో తేల్చుకోవడం మాత్రం నెలల తరబడి సాగే తగవు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుని ఇంటి మేడగదిలో మేము ఐదుగురం కూర్చుని, పాత కళింగ రేవులను పోలిన ఒక ఊహారాజ్యం కథాస్థలంగా ఫాంటసీ ఆర్‌పీజీ, అంటే ఒక పాత్రను మనదిగా చేసుకుని కథలో నడిపే కంప్యూటర్ ఆట, చేద్దామని నిశ్చయించుకున్ననాడు, రెండు గంటలలో 41 అంశాలు కాగితం మీదికి ఎక్కాయి. వాటిలో నేటికి మిగిలినవి 17. కొట్టివేసిన వాటిలో చెడ్డ ఆలోచన అనదగినది ఒక్కటీ లేదు. కాగితం మీద ఒక్క పంక్తిలో ఇమిడిపోయిన ప్రతిదీ పనిలోకి దిగేసరికి మరి నాలుగు అంశాల మెడకు చుట్టుకుంది, అంతే.

అందుచేత ఈ పోలికలో నేను వాడే కొలత ఒక్కటే: ఈ అంశాన్ని తీసుకుంటే, ఇప్పటికే పూర్తయిన పనిలో ఎంత భాగాన్ని తిరిగి చేయవలసి వస్తుంది? ముగ్గురి నుంచి ఎనిమిది మంది వరకు ఉండి, పగలు వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, పెట్టుబడిదారుడెవరూ లేకుండా రెండు మూడేళ్లలో ఆటను బయటికి తేవాలనుకునే జట్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వందల మంది పనిచేసే స్టూడియోలకు ఇవే ప్రశ్నలకు వేరే జవాబులు ఉంటాయి, ఉండాలి కూడా.

పోరు: వంతులా, వేగమా

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది పోరు సాగే తీరు, ఎందుకంటే బొమ్మల కదలికలు, శత్రువుల సంఖ్య, పోరు జరిగే స్థలాల వైశాల్యం, చివరికి తెర మీద బొత్తాల అమరిక కూడా దాని మీదే ఆధారపడతాయి. దారులు మూడు. టర్న్ బేస్డ్ అనబడే వంతుల పోరు మొదటిది. చేతివేగం మీద నడిచే యాక్షన్ పోరు రెండవది. పోరు తనంతట తాను సాగుతుండగా ఆడేవారు మధ్యలో పాజ్ చేసి తమ మనుషులకు ఆజ్ఞలిచ్చే పద్ధతి మూడవది. 1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్ ఈ మూడవ పద్ధతిలో నడిచింది; 2023లో లారియన్ స్టూడియోస్ తెచ్చిన మూడవ భాగం వంతుల పోరుకు మారింది, అయినా పాజ్ పద్ధతికి అలవాటుపడిన వారితోపాటు ఆ సిరీస్‌ను ఎన్నడూ ముట్టనివారు కూడా దానిని ఆదరించారు.

యాక్షన్ పోరు చూడముచ్చటగా ఉంటుంది, ట్రైలర్‌కు బాగా పనికివస్తుంది. కాని తెర మీద సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 చిత్రాలు, నిలకడగా రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే, ఆ వ్యవధిలోనే శత్రువు ఆలోచన, కత్తి తగిలిందా లేదా అన్న లెక్క, తెర మీది చిత్రం అన్నీ పూర్తికావాలి. మన దగ్గర చదువుకునే పిల్లలలో చాలామంది చేతిలో ఉండేది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్. అటువంటి యంత్రం మీద వంతుల పోరు 25 ఫ్రేములకు పడిపోయినా ఆడేవారు ఓడిపోరు. యాక్షన్ పోరు అదే వేగానికి దిగితే, తప్పుకోవలసిన దెబ్బ తగిలి తీరుతుంది, తప్పు తమది కాదని వారికి స్పష్టంగా తెలుస్తుంది.

వంతుల పోరుకు మరొక లాభం ఉంది, దానిని నేను అన్నిటికంటే మిన్నగా లెక్కిస్తాను: కంప్యూటర్ లేకుండానే దానిని పరీక్షించవచ్చు. మా మొదటి ప్రోటోటైప్ (పరీక్షించడానికి చేసే తొలి నమూనా) నేల మీద సుద్దతో గీసిన గళ్లు, గవ్వలు, చింతపిక్కలు. నాలుగు గవ్వలు వేస్తే వెల్లకిల పడినవి ఎన్నో అంత దెబ్బ. అరగదీసిన చింతపిక్కలు మన మనుషులు, అరగనివి శత్రువులు. ఈటె పట్టినవాడు రెండు గళ్ల దూరం నుంచి పొడవగలడని నియమం పెట్టిన పది నిమిషాలలోనే, ఇద్దరు ఈటెగాళ్లను ఇరుకు దారిలో నిలబెడితే ఎంతటి మూకనైనా ఆపవచ్చని తేలిపోయింది. అదే తప్పు కోడ్‌లో దొరకడానికి నెల పట్టేది.

రెండు పద్ధతులనూ పెట్టి, ఎవరికి నచ్చినది వారు ఎంచుకుంటారులే అనుకునే ప్రలోభం ఒకటి ఉంటుంది. అబ్సిడియన్ వారి పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ రెండవ భాగం 2018 మేలో పాజ్ పద్ధతితో విడుదలై, 2019 జనవరిలో వంతుల పద్ధతిని అదనంగా చేర్చుకుంది. ఆ చేర్పును మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. కాని పాజ్ పద్ధతికని పేర్చిన శత్రు మూకలు వంతుల పద్ధతిలోకి వచ్చేసరికి చిన్న తగాదా కూడా సాగదీసినట్లు అనిపిస్తుంది. ఒక్కొక్క పోరును రెండు సార్లు పేర్చే ఓపిక, మనుషులు ఉన్న జట్టుకే అది చెల్లుతుంది. వంతుల పోరు చప్పగా ఉంటుందన్న భయం ఉన్నవారు 2025 ఏప్రిల్‌లో వచ్చిన క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33ను చూడవచ్చు. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో ఉన్న శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ చేసిన ఆ ఆటలో వంతులు వంతులుగానే ఉంటాయి, శత్రువు దెబ్బ పడే క్షణంలో సరిగ్గా బొత్తం నొక్కితే ఆ దెబ్బను కాచుకోవచ్చు. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ దానికే దక్కింది. మేము శుద్ధమైన వంతుల పోరునే ఉంచుకున్నాము. ఈ కాచుకునే పద్ధతి జాబితాలో 18వ అంశంగా బయట నిలబడి ఉంది.

లోకం ఎంత పెద్దది

ఓపెన్ వరల్డ్ అన్న మాటకు ఉన్న ఆకర్షణ మరి దేనికీ లేదు. 2011లో స్కైరిమ్, 2015లో విచర్ 3, 2022లో ఎల్డెన్ రింగ్ చూసి పెరిగినవారికి అడ్డులేని లోకమే ఫాంటసీ అనిపించడం సహజం. మా తొలి జాబితాలో కూడా మొదటి పంక్తి అదే: ఇక్కడి బీచ్ రోడ్డును పోలిన తీరం మొత్తం, భీమిలి వంటి రేవు నుంచి డాల్ఫిన్స్ నోస్ వంటి కొండ వరకు, ఎక్కడా ఆగకుండా నడవవచ్చు.

ఒక చిన్న లెక్క ఆ పంక్తిని చెరిపివేసింది. ఆ దూరం సుమారు పాతిక కిలోమీటర్లు. ఆటలో మనిషి సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున పరుగెత్తుతాడనుకున్నా ఒక కొస నుంచి మరొక కొసకు చేరడానికి గంటా నలభై నాలుగు నిమిషాలు పడుతుంది. నిమిషానికి ఒక్కటైనా ఆగి చూడదగినది లేకపోతే నడక విసుగు పుట్టిస్తుంది కనుక, ఒక్క తీరపు బాటకే 104 విశేషాలు కావాలి. బాటకు పడమటి వైపున ఉన్న కొండల సంగతి ఇంకా లెక్కలోకి రాలేదు. మా చిత్రకారిణి వారానికి ఒక్క విశేషాన్ని, అంటే ఒక గుడి మండపాన్నో, ఒక విరిగిన ఓడనో, మెరుగుపెట్టి ఇవ్వగలదు. రెండేళ్లు వీటికే సరి.

దీనికి ప్రత్యామ్నాయం విడివిడి మండలాలు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన అవౌడ్ పెద్ద స్టూడియో చేసినదైనా ఒకే అఖండ లోకాన్ని కాక వేర్వేరు మండలాలను ఎంచుకుంది, అది లోటుగా తోచలేదు. మేము నాలుగు మండలాలకు దిగాము: రేవుపట్నం, జాలరి పల్లె, విహారాల కొండ, సున్నపురాతి గుహలు. గుహలకు బొర్రా, కొండకు తొట్లకొండ నమూనాలు. ఒక మండలం చెడిపోతే మిగిలిన మూడు నిలబడతాయి, నా కొలతకు ఇది చక్కగా సరిపోతుంది. గుర్రపు స్వారీ, ఎక్కడినుంచైనా ఎక్కడికైనా ఎగిరిపోయే ఫాస్ట్ ట్రావెల్, మజిలీ గుడారాలు అనే మూడు అంశాలు ఈ ఒక్క నిర్ణయంతో వాటంతట అవే రాలిపోయాయి.

దారి చూపడం గురించి కొంత ఎక్కువ చెప్పాలి. 2002 నాటి మోరోవిండ్‌లో ఎక్కడికి వెళ్లాలో మనుషులు మాటలలో చెప్పేవారు, దినచర్యలో అది నమోదయ్యేది. 2006లో ఆబ్లివియన్ తెర మీద దిక్సూచిని, దాని మీద గురుతును పెట్టిన తరువాత చాలా ఆటలు అదే బాట పట్టాయి. గురుతు పెడితే ఎవరూ తప్పిపోరు, కాని లోకం వైపు చూడరు. కళ్లు గురుతును దాటి పోవు. మాటలతో చెబితే లోకాన్ని చూస్తారు, కాని ఆ మాటలు అక్షరాలా నిజం కావాలి, ఒక చెట్టును జరిపిన ప్రతిసారీ దాని పేరెత్తిన సంభాషణలన్నీ వెతికి సవరించాలి. మేము మాటలనే ఎంచుకుని, ఒక డిగ్రీ విద్యార్థిని పిలిచి ఆడించాము. రాతిలో తొలిచిన నీటితొట్టి దగ్గరికి చేరడం అతని పని. పల్లెలోని ముసలాయన, "మర్రి దాటినాక ఎడంసేతి బాట అట్టుకుని ఎల్లు, రాతి మెట్లు అగుపిస్తాయి" అంటాడు. ఆ అబ్బాయి మర్రి దగ్గర పావుగంట తిరిగాడు. మెట్లు అతని ఎదుటే ఉన్నాయి, కాని చిత్రకారిణి వాటి మీద పచ్చికను అంత అందంగా పెంచడం వల్ల అవి మెట్లలా కనిపించలేదు. తప్పు మాటలలో లేదు, దిక్సూచి లేకపోవడంలోనూ లేదు. మూడు మెట్ల మీద పచ్చిక తీసివేశాక తరువాత ఆడిన ఏడుగురిలో ఆరుగురు నేరుగా ఎక్కారు. మాటలతో దారి చెప్పాలనుకునేవారు ఇటువంటి పరీక్షలకు సమయం కేటాయించుకోలేకపోతే, మొహమాటపడకుండా దిక్సూచి పెట్టుకోవడమే మేలు.

మాట: ఇక్కడ మన చేతిలో ఉన్నది పెద్దల చేతిలో లేదు

తెలుగులో ఆర్‌పీజీ రాయబూనినవారు మిగిలిన అంశాలన్నిటికంటే సంభాషణ మీద ఎక్కువ సమయం పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే భాషే మనకు కొన్ని అంశాలను ఉచితంగా ఇస్తుంది, కొన్ని ఇబ్బందులనూ అంటగడుతుంది.

ఉచితంగా ఇచ్చేది సంబోధన. తోటి పాత్రలతో సాన్నిహిత్యాన్ని చూపడానికి పెద్ద ఆటలలో అంకెలు, పట్టీలు, బొమ్మ మూల మీద మెరిసే గుర్తులు పెడతారు. మన పాత్ర "మీరు" నుంచి "నువ్వు"కు దిగితే ఏమి జరిగిందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. "నువ్వు" అనే మనిషి ఉన్నట్టుండి "తమరు" అంటే ఇక తలుపు మూసుకున్నట్లే. కనుక సంభాషణలో ఆడేవారికి ఇచ్చే ఎంపికలలో సంబోధననే ఒక ఎంపికగా పెట్టాము. రేవు అధికారిని "మీరు" అని పిలిస్తే లెక్కల పుస్తకం చూపిస్తాడు. జాలరి పల్లె పెద్దావిడను అలాగే మన్నిస్తే, "ఏటి బాబూ, పరాయోడినాగ మాటాడతన్నావు" అని ముఖం తిప్పుకుంటుంది, "అప్పా" అంటే చేప ముక్క వేసి పెడుతుంది. సాన్నిహిత్యపు పట్టీ, దాని కోసం అనుకున్న రంగుల గుర్తులు, దానిని వివరించే పాఠం, మూడూ అనవసరమయ్యాయి.

ఇబ్బంది వ్యాకరణంలో ఉంది. ఆడేవారు తమ పాత్రకు తామే పేరు పెట్టుకోవడం చాలా ఆర్‌పీజీలలో మామూలే. ఇంగ్లీషులో ఆ పేరును వాక్యంలో ఎక్కడ అతికించినా దాదాపుగా నడిచిపోతుంది. తెలుగులో విభక్తి చేరగానే పేరు రూపే మారుతుంది. సీతకు "సీతకి" సరిపోతుంది, గోపాలం మాత్రం "గోపాలానికి" కావాలి. యంత్రం "గోపాలంకి" అని అతికిస్తే చదివేవారికి పంటి కింద రాయి పడినట్లుంటుంది. దీనికి తోడు పాత్ర ఆడా మగా అన్నది ఆడేవారి ఇష్టానికి వదిలితే, ఎదుట నిలబడి మాట్లాడే వాక్యాలకు చిక్కు లేదు, "వచ్చావు" ఇద్దరికీ చెల్లుతుంది. వెనుక చెప్పుకునే మాటలన్నీ మాత్రం రెండింతలవుతాయి. "పడవ దిగినోడెవుడో వచ్చినాడంట", "పడవ దిగినదెవర్తో వచ్చిందంట": ఒకే పుకారుకు రెండు వాక్యాలు. అందరికీ "వచ్చారు" వాడి తప్పించుకోవచ్చు, కాని సారా దుకాణంలో దొంగల మూక మన పాత్ర గురించి "వచ్చారు" అని మన్నింపుగా చెప్పుకోవడం నవ్వు తెప్పిస్తుంది.

దీనికి మూడు పరిష్కారాలు పోల్చి చూశాము. విచర్‌లో గెరాల్ట్ మాదిరిగా పేరు, రూపం, గతం అన్నీ ముందే నిర్ణయించిన పాత్ర ఒకటి. స్కైరిమ్‌లో ఆడేవారి పేరును ఎవరూ పలకరు, ప్రధాన కథలో "డ్రాగన్‌బోర్న్" అనే బిరుదుతో పిలుస్తారు, ఆ పద్ధతి రెండవది. పేరును ప్రథమా విభక్తిలోను, సంబోధనలోను మాత్రమే వచ్చేలా వాక్యాలన్నిటినీ వంచి రాయడం మూడవది. ఇది చేయదగినదే కాని రాసేవారి ప్రాణం తీస్తుంది, ఇరవై పేజీల తరువాత వాక్యాలన్నీ ఒకే పోతలో వినిపిస్తాయి. మేము బిరుదు దారి పట్టాము. మా పాత్రను తీరంలో అందరూ "ఓడమిగులు" అంటారు, మునిగిన ఓడలో మిగిలినది ఆ ఒక్క ప్రాణమే కనుక. ఆడకైనా మగకైనా అదే పేరు, దాని విభక్తి రూపాలు మాకు ముందే తెలుసు. పుకార్లను రెండేసి సార్లు రాయడానికి మాత్రం ఒప్పుకున్నాము, అవి మొత్తం మీద రెండు వందల వాక్యాలకు మించలేదు.

వాక్యాలకు గొంతు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న డబ్బుతోపాటు మార్పులకు కూడా సంబంధించినది. మా కథ మొత్తం సుమారు 60,000 మాటలు. నిమిషానికి నూరు మాటల చొప్పున చదివినా పది గంటల ధ్వని, పైగా ఒక వాక్యం మార్చిన ప్రతిసారీ ఆ కళాకారుని మళ్లీ పిలవాలి. 2019 అక్టోబరులో విడుదలైన డిస్కో ఎలీసియంలో కొంత భాగానికే గొంతు ఉండేది. పూర్తి గొంతుతో ఫైనల్ కట్ వచ్చినది 2021 మార్చిలో, ఆట నిలదొక్కుకున్న తరువాత. ఆ వరుసే చిన్న జట్టుకు క్షేమం. ప్రతి పాత్రకు పలకరింపు, విసుగు, వీడ్కోలు అనే మూడు నాలుగు చిన్న పలుకులు మాత్రమే రికార్డు చేయించి, మిగిలినది చదివించాలని నిర్ణయించుకున్నాము. ఉత్తరాంధ్ర యాస పలికేవారిని వెతికి పట్టుకోవడం మాత్రం తప్పనిసరి. యాసను అనుకరించే గొంతు ఇక్కడివారికి మొదటి మాటలోనే దొరికిపోతుంది.

ఇంజిన్, అంటే ఆటను నిర్మించడానికి వాడే సాఫ్ట్‌వేర్, ఎంపిక సాంకేతికుల పని అని చాలామంది అనుకుంటారు, తెలుగుకు మాత్రం అది రాసేవారి పని కూడా. "రాష్ట్రం", "స్త్రీ", "జ్ఞానం" అనే మూడు మాటలను తెర మీద రాయించి చూడడం మొదటి పరీక్ష. యూనిటీ అనే ఇంజిన్‌లో అక్షరాలను చూపడానికి ఏళ్లుగా వాడుకలో ఉన్న టెక్స్ట్‌మెష్ ప్రో తనంతట తాను ఒత్తులను కూర్చదు. ఒత్తులు అక్షరాల పక్కన వేరే అక్షరాలుగా విడిపోతాయి. 2023లో వచ్చిన గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే కూర్పు వ్యవస్థ లోపలే ఉంది, అన్‌రియల్ అనే ఇంజిన్ కూడా దానినే వాడుతుంది. లైసెన్సు విషయంలో గోడోకు ఏమీ చెల్లించనక్కరలేదు. అన్‌రియల్ ఒక ఆట మొదటి పది లక్షల డాలర్ల ఆదాయం మీద వాటా అడగదు, అంత ఆదాయం వచ్చిననాడు వాటా ఇవ్వడానికి మాకు బాధ ఉండదు. ఆటను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునే లెక్కన వసూలు చేస్తామని యూనిటీ 2023 సెప్టెంబరులో ప్రకటించిన రుసుమును ఏడాది తిరిగేసరికి ఉపసంహరించుకుంది, కాని ఆ ఏడాది చిన్న జట్లు పడిన ఆందోళన అంత సులువుగా మరుపుకు రాదు. వంతుల పోరు, నాలుగు చిన్న మండలాలు, బోలెడంత తెలుగు అన్న మా అవసరాలకు గోడో సరిపోయింది. భారీ దృశ్యాలే ప్రధానమనుకునేవారు అన్‌రియల్ వైపు వెళ్లాలి.

వృత్తులు, లెవెళ్లు

పాత్ర ఏ రకం మనిషో తేల్చే వృత్తులు, ఆడేకొద్దీ పెరిగే బలాన్ని కొలిచే లెవెళ్లు: ఈ రెండింటి మీద ఎక్కువ కాలం చర్చించే జట్లను చూశాను, నాకైతే అంత చిక్కు కనబడలేదు. బాల్డర్స్ గేట్ 3లో 12 వృత్తులు ఉన్నాయి. స్కైరిమ్‌లో వృత్తులే లేవు, 18 నైపుణ్యాలు వాడుకను బట్టి పెరుగుతాయి. మూడు వృత్తులు, ఆడ మగ రెండు, వెంట వచ్చే మిత్రులు నలుగురిలో ఒకరు అనుకుంటే పరీక్షించవలసిన కలయికలు 24. వృత్తులు పన్నెండయితే అవే 96 అవుతాయి. మూడు చాలు.

శత్రువుల బలం ఆడేవారి లెవెల్‌తోపాటు పెరగాలా, ఉన్నచోట ఉన్నట్లే ఉండాలా అన్నదానికి ఆబ్లివియన్ ఒక హెచ్చరికగా నిలిచింది: లెవెల్ పెరిగేకొద్దీ దారిదోపిడీగాళ్లు కూడా రాజులకు తగిన గాజు కవచాలు తొడుక్కుని వచ్చి చిల్లర నాణేలు అడుగుతారు. ఎల్డెన్ రింగ్ ఇందుకు భిన్నంగా, గడప దాటగానే బంగారు కవచపు గుర్రపురౌతును నిలబెట్టి, ఇప్పుడు తప్పుకో, తరువాత రా అని మౌనంగా చెబుతుంది. స్థిరమైన బలమే మంచిది, చేయడం కూడా తేలిక. ప్రమాదమున్న చోటుకు ముందు ఎవరో ఒకరు హెచ్చరించేలా చూసుకుంటే సరిపోతుంది.

సేవ్ చేసుకోవడం, కరెంటు పోవడం

ఎక్కడైనా సేవ్ చేసుకోనివ్వడం, నిర్ణీత స్థలాలలోనే అనుమతించడం, ఖర్చయ్యే వస్తువుతో ముడిపెట్టడం అనే మూడు పద్ధతులకూ సమర్థకులు ఉన్నారు. 2018 నాటి కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్‌లో కోరుకున్నప్పుడు సేవ్ చేయడానికి ఒక రకం సారా తాగాలి, 2024లో డ్రాగన్స్ డాగ్మా 2 ఒక్క పాత్రకే చోటిచ్చి విమర్శలు ఎదుర్కొంది. నిర్ణయాలకు బరువు రావాలన్న వారి ఉద్దేశాన్ని గౌరవిస్తాను, కాని ఆ బరువు మోయవలసినది ఆడేవారే తప్ప వారింటి కరెంటు కాదు. మే నెలలో ఒక మధ్యాహ్నం మా స్నేహితురాలు నాలుగు గంటలు ఆడి, గుహల మండలం దాటుతుండగా కరెంటు పోయింది. పాత బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ అదే క్షణంలో ఆరిపోయింది. తిరిగి తెరిచేసరికి సేవ్ ఫైలు సగమే రాయబడి ఉంది, ఆట దానిని చదవలేక మొదటి తెర దగ్గరే నిలిచిపోయింది. తప్పు నూటికి నూరు పాళ్లు మాదే: పాత ఫైలు మీదే కొత్తది రాస్తున్నాము. ఇప్పుడు తాత్కాలిక ఫైలులో మొత్తం రాసి, సరిగా ఉన్నదని చూసుకున్న తరువాతే పాతదాని పేరు దానికి పెడుతున్నాము. పైగా చివరి మూడు ఆటో సేవ్‌లను విడిగా దాచుతున్నాము. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పనిని మాత్రం మొదటి నెలలోనే చేయండి.

ఎప్పుడు బయటపెట్టాలి

ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఆట పూర్తికాకముందే, అమ్మడం, పూర్తయ్యాకే అమ్మడం, మధ్యలో ఉచిత డెమో ఇవ్వడం అనే మూడింటిలో మొదటిదానికి రెండు గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. హేడిస్ 2018 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌కు వచ్చి 2020 సెప్టెంబరులో పూర్తయింది. మళ్లీ మళ్లీ మొదటినుంచి ఆడే ఆట కనుక ప్రతి చేర్పూ పాతవారిని వెనక్కి రప్పించింది. బాల్డర్స్ గేట్ 3 2020 అక్టోబరు నుంచి 2023 ఆగస్టు వరకు ఎర్లీ యాక్సెస్‌లో ఉంది, కాని ప్రధానంగా మొదటి అంకాన్ని మాత్రమే చూపి మిగిలిన కథను దాచుకుంది. ఒక్కసారి ఆడి ముగించే కథ, మలుపులు తెలిసిపోతే సగం విలువ పోయే కథ చిన్న జట్టు చేతిలో ఉన్నప్పుడు డెమోయే సరైన దారి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒక ఆటను పెట్టడానికి రుసుము 100 డాలర్లు, అమ్మకం 1,000 డాలర్లు దాటితే అది తిరిగి వస్తుంది. డెమోకు వేరే రుసుము లేదు. ప్రకటన విషయంలో పెద్దలను అనుసరించవద్దు: ఎల్డర్ స్క్రోల్స్ 6 పేరు 2018 జూన్‌లోనే ప్రకటించి ఏళ్ల తరబడి జనాన్ని ఆగమనగల శక్తి వారికి ఉంది, మనకు లేదు.

తుపాను

చివరి పోలిక వాతావరణం గురించి, దీని మీదే మా ఐదుగురికీ ఎక్కువ తగవు జరిగింది. వాన, ఎండ, మంచు వంతులవారీగా మారుతూ కళ్లకు ఇంపుగా ఉండే అలంకారం ఒక దారి. తడిసిన నేల మీద జారడం, గాలికి బాణం గురి తప్పడం వంటి నియమాలతో ప్రతి పోరులోకీ చొరబడే వ్యవస్థ మరొకటి. నా కొలత ప్రకారం ఇంతకంటే ఖరీదైన అంశం లేదు, వాన పడితే ఎలా అన్న ప్రశ్న ప్రతి పోరుకూ, ప్రతి వృత్తికీ వేసుకోవాలి. మూడవది, కథలో ఒకే ఒక్క తుపాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవారికి ఆ మూడవదాని విలువ వివరించనక్కరలేదు. మరునాడు తెల్లవారేసరికి కొండలు ఆకు లేకుండా ఎండిపోయినట్లు నిలిచాయి, ఊరు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆటలో అదే చేయాలంటే నియమాలు మార్చనక్కరలేదు, ప్రతి మండలానికి తుపాను తరువాతి రూపం ఒకటి గీస్తే చాలు. నాలుగు మండలాలే ఉన్నందున అది సాధ్యం. పాతిక కిలోమీటర్ల తీరమైతే ఆ మాటే ఎత్తేవారం కాదు. మూడవ అంకంలో రేవు కొయ్య మీద తుపాను హెచ్చరిక దీపాలు ఒక్కొక్కటిగా మారతాయి, అవి మారేలోగా ఏ పల్లెకు ముందు పడవ నడపాలో ఆడేవారు తేల్చుకోవాలి, వెళ్లని పల్లెలో మనుషులు మిగలరు.

మిగిలిన సమయాన్ని తెర మీద గడియారంగా చూపాలా, దీపాలు చాలునా అన్నది ఇద్దరితో ఆడించి తేల్చుకున్నాము. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు దీపాల కింద నుంచి మూడు సార్లు నడిచి వెళ్లి, దుకాణంలో తాడు బేరమాడుతూ ఉండగానే తుపాను వచ్చింది. విశాఖ తీరంలోని పెదజాలరిపేటలో పుట్టి పెరిగిన మరొక కుర్రాడు ఒక్కసారి తలెత్తి చూసి, చేతిలో ఉన్న పని వదిలి పడవ తిప్పాడు. గడియారం పెట్టలేదు. తాడు అమ్మేవాని నోట ఒక వాక్యం చేర్చాము: "బేరం తరవాత ఆడుకుందాం గాని, పైన ఎన్నో దీపమెట్టినారో ఓపాలి సూడు బాబూ."